మంచి గూళ్ళలో దాగిన పాలరోగం: చేవెళ్ళ వైపు ఒక పట్టు షెడ్డు కేసు

నేను హైదరాబాద్‌లో ఉంటూ చుట్టుపక్కల జిల్లాల పట్టు రైతులకు రోగ నిర్ధారణలోనూ షెడ్ల నిర్వహణలోనూ సలహా ఇస్తుంటాను. గత ఏడాది బతుకమ్మ మొదలైన మూడో రోజు ఉదయం చేవెళ్ళ అవతలి ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. నాలుగో జ్వరం దాటి ఐదో దశలో నాలుగో రోజు నడుస్తున్న పురుగులు మేత వదిలేసి స్టాండ్ల అంచులకు పాకుతున్నాయని, వేలు తగిలితే చాలు చర్మం చిట్లి పాల లాంటి నీరు కారుతోందని రైతు చెప్పాడు. పాలరోగమని అతనికి అప్పటికే తెలుసు. నన్ను పిలిచింది తప్పు ఎవరిదో తేల్చడానికి. "గుడ్లే చెడ్డయి సార్. షెడ్డుల తప్పుంటే పోయిన పంట పసుపు గూళ్ళు గంత మంచిగ ఎట్ల వస్తయి?" అన్నాడు. ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

పట్టు సాగు తెలియని పాఠకులకు ఒక మాట. పట్టు రైతులు జ్వరం అనేది రోగాన్ని కాదు. పురుగు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా కూర్చుని పాత చర్మాన్ని విడిచే ఘట్టాన్ని. పురుగు జీవితంలో ఇవి నాలుగు వస్తాయి. చాకీ కేంద్రాలు రెండో జ్వరం దాటించిన పిల్ల పురుగులను రైతుకు ఇస్తాయి. అక్కడి నుంచి గూడు అల్లే దాకా షెడ్డులో పెంచే బాధ్యత రైతుది.

ఈ రైతు దంపతులకు రెండెకరాల వీ1 మల్బరీ తోట, మూడంతస్తుల స్టాండ్లున్న ఒక షెడ్డు ఉన్నాయి. వినాయక చవితికి ముందు వాళ్ళు తీసిన పంట కోలార్ గోల్డ్ అని రైతులు పిలిచే సంకరం. ప్యూర్ మైసూర్ జాతి తల్లికీ సీఎస్ఆర్2 జాతి తండ్రికీ పుట్టే ఈ పురుగులు పసుపు గూళ్ళు అల్లుతాయి. ఆ పంట బాగా వచ్చింది, తిరుమలగిరి మార్కెట్లో మంచి ధరే పలికింది. దాని వెంటనే ఎక్కువ ధర ఆశతో 150 డీఎఫ్‌ఎల్‌ల తెల్ల గూళ్ళ బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు నడిచే జాతి) డబుల్ హైబ్రిడ్ పురుగులను తెచ్చారు. ఒక డీఎఫ్‌ఎల్ అంటే ఒక తల్లి పెట్టిన గుడ్లు, సుమారు 400 నుంచి 500 దాకా ఉంటాయి కనుక, షెడ్డులో ఉన్నవి అరవై వేలకు పైబడిన పురుగులు.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. లోపల అడుగుపెట్టగానే పుల్లటి వాసన కొట్టింది. అంచులకు ఎక్కిన పురుగుల్లో కణుపుల మధ్య చర్మం ఉబ్బి, ఒంటి రంగు పాలిపోయి, వెదురు గెడ కణుపుల్లా కనిపించాయి. ఒకదాని పొట్టకాలు చివర కత్తిరిస్తే గాజు పలక మీద పడిన చుక్క మజ్జిగ నీళ్ళలా ఉంది; ఆరోగ్యంగా ఉన్న బైవోల్టిన్ పురుగు చుక్క దాదాపు నీటిలా తేటగా ఉండాలి. రైతు భార్య మరో రెండు పురుగులను చూపించి, "సార్, గీటికి నల్ల మచ్చలున్నయి, గిది వేరే రోగమా?" అని అడిగింది. అవి ఊజీ ఈగ గుడ్డు పెట్టినచోట, దాని పిల్ల లోపలికి దూరిన గాయాలు. ఆ నలుపు పురుగు రక్తం పన్నిన రక్షణ: గాయమైన చోట ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ చైతన్యమై మెలనిన్‌ను పేరుస్తుంది, రక్తకణాలు చొరబడినదాని చుట్టూ గోడ కడతాయి. కీటకాలకు మనలాంటి యాంటీబాడీలు లేవు. ఉన్నవి గట్టి చర్మం, పేగు, రక్తకణాలు, ఈ నలుపు, చిన్న చిన్న సూక్ష్మజీవి నాశక ప్రొటీన్లు, వైరస్ ఆర్ఎన్ఏను తుంచే యంత్రాంగం. ఊజీ పిల్ల మాత్రం ఆ గోడనే తన ఊపిరి గొట్టంగా వాడుకుంటుందనేది వేరే కథ.

నమూనాలను ఐస్ పెట్టెలో పెట్టుకుని సాయంత్రం బస్సులో మెహదీపట్నం చేరి, ఆ రాత్రే మా గదిలో సూక్ష్మదర్శిని కింద చూశాను. 600 రెట్ల పెద్దది చేసి చూస్తే మెరిసే ఆరు మూలల స్ఫటికాలు గుంపులుగా దొర్లుతూ కనిపించాయి. ఇవి పాలరోగం తెచ్చే ఎన్‌పీవీ వైరస్ తన కణాలను లోపల దాచుకునే ప్రొటీన్ పెట్టెలు, పాలీహెడ్రాలు. ఒక్కొక్కటి సుమారు 3 మైక్రాన్లు. పురుగు రక్తంలోని కొవ్వు బిందువులు కూడా ఇలాగే మెరిసి కొత్తవాళ్ళను మోసం చేస్తాయి. సూడాన్ త్రీ రంగు ఒక చుక్క వేస్తే కొవ్వు ఎర్రబడుతుంది, పాలీహెడ్రాలకు రంగు అంటదు. ఇక్కడ అంటలేదు. పెబ్రిన్ అనే మరో రోగపు బీజాలు ఎక్కడా లేవు, బూజు వల్ల వచ్చే సున్నపు రోగం లక్షణాలూ లేవు. నిర్ధారణ అంతవరకు తేలికైన పనే.

ఇక రోగం ఎక్కడిది? గుడ్ల మీద అనుమానం నిలవలేదు. అదే చాకీ కేంద్రం నుంచి అదే రోజు పురుగులు తెచ్చుకున్న మరో ఇద్దరు రైతులకు ఫోన్ చేస్తే, వాళ్ళ పురుగులు మేతను ఊడ్చేస్తున్నాయి. పెబ్రిన్ తల్లి నుంచి గుడ్డులోకి దిగే రోగం. పాలరోగం ప్రధానంగా నోటి ద్వారా, కలుషితమైన ఆకుతో వస్తుంది. చిట్లిన ఒక్క పురుగు ఆకు మీద లక్షల పాలీహెడ్రాలను వదులుతుంది. ఎండ తగలని చోట, నేల పగుళ్ళలో, దుమ్ములో అవి ఏళ్ళ తరబడి చావకుండా ఉండగలవు. కనుక మర్నాడు మళ్ళీ వెళ్ళి షెడ్డునే వెతికాను.

ఆకు గదిలో ఒక అల్మారా ఉంది. దానిపై అరలో బిస్కెట్ల అట్టపెట్టె. అందులో వాళ్ళ అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం పోయిన పంటలోని పసుపు గూళ్ళను పది ఏరి పెట్టుకుంది. వాళ్ళమ్మే స్వయంగా గట్టిగా, మచ్చ లేకుండా, నిగనిగలాడుతున్నవాటిని ఏరి ఇచ్చిందట. అందులో ఏడింటికి చివర తడిసి చిల్లు పడి, రెక్కల పురుగులు బయటికి వచ్చి, జతకట్టి, చచ్చి ఎండిపోయి ఉన్నాయి. మూడు మాత్రం మూసుకునే ఉన్నాయి. అమ్మాయి అనుమతి అడిగి వాటిని బ్లేడుతో కోశాను. లోపల ప్యూపాలు ముడుచుకుపోయి నల్లబడి ఉన్నాయి. ఒకటి కత్తి మొన తగలగానే గోధుమరంగు నీరైపోయింది. ఆ నీటిని, ఎండిన రెక్కల పురుగులను, పురుగులు గూళ్ళు అల్లుకునే నేత్రికల సందుల్లో దులిపిన దుమ్మును విడివిడిగా చీటీలు రాసి తెచ్చుకున్నాను. మూడు ప్యూపాల్లోనూ అవే ఆరు మూలల స్ఫటికాలు. నేత్రికల దుమ్ములోనూ అవే.

మార్కెట్లో మొదటి రకంగా అమ్ముడుపోయే గూళ్ళు అవి. ఆ పురుగులు వైరస్‌ను మోస్తూనే మేత తిన్నాయి, పండాయి, గూడు అల్లాయి, అల్లిన తరువాత లోపల చచ్చాయి. రైతు లెక్కలో అవి రోగం లేని పురుగులు.

ఇక్కడ మన భాష మనల్ని కొంత తికమక పెడుతుంది. విత్తన సంచుల మీదా గుడ్ల కేంద్రాల్లోనూ "రోగాలను తట్టుకునే రకం" అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు గుణాలను చుట్టేస్తాం. ఒకటి నిరోధం: రోగక్రిమి ఒంట్లోకి రాకుండా, వచ్చినా పెరగకుండా అడ్డుకోవడం. రెండోది ఓర్పు: క్రిమి ఎంత ఉన్నా దాని వల్ల కలిగే నష్టాన్ని తగ్గించుకుని బతుకు నడుపుకోవడం. నిరోధం ఉన్న జీవిలో క్రిమి భారం తగ్గుతుంది. ఓర్పు ఉన్న జీవిలో భారం తగ్గనక్కర లేదు. మొక్కల తెగుళ్ళు చూసేవారు ఈ తేడాను చాలాకాలంగా పాటిస్తున్నారు. జంతువుల్లో దీన్ని కొలిచి చూపిన ముఖ్యమైన ప్రయోగం 2007లో వచ్చింది: ఎలుకల జాతులకు ఎలుకల మలేరియాను ఎక్కించి, ఒంట్లో పరాన్నజీవి పెరిగేకొద్దీ బరువూ రక్తమూ ఎంత తగ్గుతున్నాయో జాతివారీగా గీత గీశారు. గీత నిటారుగా పడిపోతే ఓర్పు తక్కువ, వాలుగా ఉంటే ఓర్పు ఎక్కువ. పరాన్నజీవిని బాగా అణచిన జాతులకు సాధారణంగా ఓర్పు తక్కువగా ఉందని కూడా అందులో తేలింది.

పట్టు షెడ్డులో మనం రాసుకునేది చావుల లెక్క మాత్రమే. చావుల లెక్కతో ఈ రెంటినీ వేరు చేయలేం. కోసి చూడాలి, భారం లెక్కించాలి. పసుపు పంటలో బతికిన పురుగులన్నీ ఓర్చుకున్నవేనని నేను అనడం లేదు. చిల్లు పడిన ఏడు గూళ్ళ రెక్కల పురుగుల్లో నాకు పాలీహెడ్రాలు కనిపించలేదు. అవి వైరస్‌ను ఎదిరించి ఉండవచ్చు, అసలు మింగకపోయి ఉండవచ్చు. చివరి రోజుల్లో వైరస్ మింగిన పురుగు ఏ జాతిదైనా చచ్చేలోపు గూడు అల్లేయగలదు, కనుక ఆ మూడింటి గుణమంతా ఓర్పేనని కూడా ఖాయంగా చెప్పలేం. పంట నడిపే రైతుకు మాత్రం ఫలితం ఒక్కటే: గూడు చేతికొచ్చింది, వైరస్ షెడ్డులో మిగిలింది.

నిరోధం ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రైతుకు నేనిచ్చే సలహాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. పాలీహెడ్రా ఆకుతోపాటు పేగులోకి దిగుతుంది. పట్టుపురుగు పేగు రసం ఘాటైన క్షారం. ఆ క్షారంలో ప్రొటీన్ పెట్టె కరిగి వైరస్ కణాలు విడుదలవుతాయి. పురుగు ఆకును అరిగించుకునే ఉపాయాన్నే వైరస్ తన తాళంచెవిగా చేసుకుంది. పేగులో మేతను చుట్టి ఉండే పలుచని పొరను అవి దాటాలి, తరువాత పేగు కణాల్లోకి చొరబడాలి, అక్కడ పెరిగి రక్తంలోకి, కొవ్వు కణజాలంలోకి వెళ్ళాలి. ప్రతి మెట్టు దగ్గరా అడ్డు ఉంది. పేగు రసంలోని కొన్ని ప్రొటీన్లు వైరస్‌ను నిర్వీర్యం చేస్తాయి. సోకిన కణం తనను తాను చంపుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఆ ఆత్మహత్యను ఆపే ప్రొటీన్ వైరస్ దగ్గర ఉంది. కొన్ని గొంగళిపురుగుల్లో సోకిన పేగు కణాలు జ్వరం సమయంలో రాలిపోయి, పురుగు రోగం నుంచి బయటపడుతుందని గమనించారు. ఆకలితో జ్వరం లేచిన పురుగు మాత్రం బలహీనమైనది. అందుకే జ్వరం లేచాక మొదటి మేతకు ముందు పడక మందు (పురుగుల మీద, పడక మీద చల్లే శుద్ధి పొడి) చల్లాలని పదే పదే చెబుతాం.

సంపూర్ణ నిరోధం ఎలా ఉంటుందో తెలియడానికి మరో పట్టుపురుగు వైరస్, డెన్సోవైరస్ ఉదాహరణ చక్కగా సరిపోతుంది. కొన్ని పట్టుపురుగు జాతులకు అందులో ఒక రకం ఎంత తినిపించినా సోకదు. పేగు కణం పొరలో ఉండే ఒక ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులో పెద్ద ముక్క వాటికి లేకపోవడమే కారణమని 2008లో తేలింది. తలుపే లేని ఇంట్లోకి దొంగ రాలేడు. పాలరోగానికి మన రైతు షెడ్లలో అలాంటి తలుపులేని జాతి లేదు. మన నగరంలోని డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీలో డాక్టర్ జె. నాగరాజు బృందం చేసిన పని ఈ దిశలోదే: వైరస్‌కు అత్యవసరమైన పలు జన్యువులను ఒకేసారి అణచివేసే ఆర్ఎన్ఏను పురుగే తయారు చేసుకునేలా జన్యుమార్పిడి చేసి, అలాంటి పురుగుల్లో వైరస్ పెరుగుదల, చావులు బాగా తగ్గాయని 2013లో ప్రచురించారు. వైరస్ భారాన్నే తగ్గిస్తుంది కనుక అది నిరోధం.

ఓర్పు రోగి వైపు నుంచి చూస్తే వరమే. పక్కవాడి వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూసినప్పుడు ఆయన చూసినది ఇలాంటి ఆతిథ్యాన్నే: తాను పెద్దగా కుంగకుండా ఎగురుతూ, కుడుతూ, రోగాన్ని మనుషులకు పంచే కీటకం. పట్టు రంగంలో ఇంకా దగ్గరి ఉదాహరణ పెబ్రిన్. 1865 నుంచి ఐదేళ్ళపాటు దక్షిణ ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ ఆ రోగంతో తలపడి చివరికి కనిపెట్టిన ఉపాయం మందు కాదు. చక్కగా గూడు కట్టి, రెక్కలొచ్చి, గుడ్లు పెట్టిన తల్లిని నూరి సూక్ష్మదర్శినిలో చూడడం, బీజాలు కనిపిస్తే ఆ గుడ్లను కాల్చేయడం. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న తల్లిని ఆయన నమ్మలేదు. డీఎఫ్‌ఎల్ అంటే రోగం లేని గుడ్లు అనే మాటకు ఇవాళ్టికీ ఆధారం ఆ పరీక్షే. మనం గుడ్ల దగ్గర పాటించే ఈ అపనమ్మకాన్ని మంచి పంట చేతికొచ్చాక షెడ్డు విషయంలో వదిలేస్తాం.

వదిలేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. చవితి తరువాత ఒకరోజు అటువైపు వెళ్తూ వాళ్ళ ఇంట్లో టీ తాగాను. పసుపు పంట చూసి సంతోషపడి, ఈసారి మందు పిచికారీ రెండుసార్లు అక్కర్లేదు, ఒకసారి నీళ్ళతో కడిగి సున్నం వేస్తే చాలని చెప్పింది నేనే. రైతు భార్య నోటు పుస్తకంలో ఆ రోజు పేజీలో నా మాట తారీఖుతో సహా ఉంది. అంతకు ముందు పేజీలో, "ఐదో దశ, 6వ రోజు, అంచుకెక్కిన పురుగులు చేటలో పావు వంతు తీసి పారేసినం" అని కూడా ఉంది. ఆ వాక్యం నేను ఆ రోజు చదివి ఉంటే ఈ కేసు రాయాల్సిన అవసరం వచ్చేది కాదు. పండుగకు వచ్చిన చుట్టాలు షెడ్డు చూడటానికి లోపలికి వచ్చారన్నది కొంత కారణం కావచ్చు, పగలూ రాత్రీ వేడిలో తేడా పెరగడమూ కావచ్చు. అసలు కారణం మాత్రం కడగని నేత్రికలే.

ఉన్న పంటకు చేయగలిగింది తక్కువ. పాలరోగం సోకిన పురుగుకు మందు లేదు. రోగం కనిపించిన పురుగులను చేత్తో కాక పుల్లలతో ఏరి, బ్లీచింగ్, సున్నం కలిపిన నీళ్ళ గిన్నెలో వేయించాం. పడకలు పలుచన చేశాం, కిటికీలు తెరిచాం, సున్నం పొడి చల్లాం. మేత తగ్గిస్తే రోగం నెమ్మదిస్తుందా అని రైతు అడిగాడు. జ్వరంలో లంఖణం పరమౌషధమని నమ్మే మనకు రావలసిన ప్రశ్నే. పండ్ల ఈగల మీద 2009లో చేసిన ప్రయోగంలో జబ్బుపడి తిండి తగ్గించిన ఈగలు సాల్మొనెల్లాను ఎక్కువ ఓర్చుకున్నాయి, అవే ఈగలు లిస్టీరియాను ఎదిరించే శక్తిని పోగొట్టుకున్నాయి. ఒకే లంఖణం ఒక రోగంలో మేలు, మరొకదానిలో కీడు. పట్టుపురుగు విషయంలో మాత్రం ఆకలి రోగానికే తోడవుతుందని మా అనుభవం. తాజా ఆకు, వేళకు, నిండుగా వేయమన్నాను. చివరికి తొంభై కిలోలు దాటవలసిన చోట 38 కిలోల గూళ్ళు వచ్చాయి.

పంట దిగాక అసలు పని మొదలైంది. చెత్తను, పురుగుల పెంటను తోటకు ఎరువుగా వేయకుండా దూరంగా గొయ్యి తీసి సున్నంతో పూడ్చాం. నేత్రికలను ఎండలో ఆరేసి, దులిపి, మందు నీటిలో ముంచాం. లీటరు నీటికి 20 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, 3 గ్రాముల సున్నం చొప్పున కలిపి గోడలు, నేల, పైకప్పు లోపలి వైపు తడిసి కారేలా పిచికారీ చేశాం. నాలుగు రోజుల తరువాత మళ్ళీ అదే. బ్లీచింగ్ డబ్బా మూత తీసి ఎన్నాళ్ళయిందో చూడడం కూడా ఇందులో భాగమే; వాళ్ళ దగ్గరున్నది వాసన పోయిన పాత సరుకు. కొత్తది తెప్పించాం.

తరువాత ఏ జాతి వేయాలన్న దగ్గర మాకు వాదన నడిచింది. ఇకపై కోలార్ గోల్డే వేస్తానని రైతు పట్టుబట్టాడు. "తట్టుకునే దాన్నే పెట్టుకుంటే నష్టమేంది సార్?" అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. ఎండాకాలం వేడిలో నేనూ అదే వేయమంటాను. కానీ ప్యూర్ మైసూర్ వారసత్వం ఓర్పుతోపాటు చిన్న గూడును కూడా తెస్తుంది. మంచి బైవోల్టిన్ గూడు నుంచి కిలోమీటరుకు తగ్గకుండా దారం వస్తుంది, ప్యూర్ మైసూర్ గూడులో అందులో సగం కూడా ఉండదు. పైగా ఓర్చుకునే పంటలే వరుసగా వేసి షెడ్డు శుద్ధి మానేస్తే వైరస్ నిల్వ పెరుగుతూ పోతుంది. ఆ దుమ్ము చెప్పులతో, ఆకు బుట్టలతో, అద్దెకు తిరిగే నేత్రికలతో పక్క రైతు బైవోల్టిన్ షెడ్డుకు చేరుతుంది. ఇంత చెప్పినా అతను సగమే ఒప్పుకున్నాడు. చలికాలంలో బైవోల్టిన్, ఎండల్లో సంకరం, రెంటి మధ్యా రెండు వారాల విరామం అని కుదుర్చుకున్నాం.

డిసెంబరులో 100 డీఎఫ్‌ఎల్‌ల బైవోల్టిన్ వేశారు. ఐదో దశలో అంచుకెక్కినవి తొమ్మిది; అందులో నాలుగింటిలో పాలీహెడ్రాలు కనిపించాయి. షెడ్డు పూర్తిగా శుద్ధి కాలేదన్నమాట, అయినా పంట 61 కిలోలు దిగింది. ఆ గూళ్ళలో మచ్చలేనివి ఇరవై ఏరి నాకు పంపమన్నాను. బస్సులో వచ్చిన అట్టపెట్టె మీద అమ్మాయి చేతిరాతతో "మంచివి" అని రాసి ఉంది. ప్యూపాలు నల్లబడేంత సమయమిచ్చి, పన్నెండో రోజు కోశాను. పద్దెనిమిదింటిలో ఏమీ లేదు. రెండింటిలో ఉంది. ఆ సంగతి ఫోన్లో చెబితే రైతు భార్య పుస్తకంలో కొత్తగా గీసుకున్న "కోసి చూసినవి" అనే గడిలో రాసుకుంది, సంక్రాంతి తరువాతి పంటకు మునుపు మందు రెండుసార్లా మూడుసార్లా అని అడిగింది. మూడుసార్లు అన్నాను.